కానని రాసిచ్చిన కాగితం

నిన్న సాయంత్రం ఆదోనిలోని మా కుట్టు అంగడికి జాకెట్టు కొలతలివ్వడానికి ఒక ఆడపిల్ల వచ్చింది. నేను టేపు వెతుక్కునేలోపు నిలువుటద్దం ముందు నిలబడి పెదవులు కదుపుతూ ఉంది. దేవుణ్ణి తలుచుకుంటోందేమో అనుకున్నాను. చెవి పెట్టి వింటే "నాకు ఉద్యోగం వచ్చేసింది, నాకు ఉద్యోగం వచ్చేసింది" అంటోంది. "యాడొచ్చింది మే?" అని అడిగాను. "ఇంగా రాలేదాంటీ. వచ్చిందని అనుకుంటా ఉంటే వస్తాదంట, ఫోన్లో సెప్పినారు" అని నవ్వింది. నాకు ఒళ్లు మండిపోయింది. "అట్లాంటివి నా అద్దం ముందర వద్దు, పో, ఇంట్లో అనుకోపో" అని కసిరాను. పాపం, బిత్తరపోయింది. దాని తప్పేముంది? నాకు మా చెల్లెలు గుర్తొచ్చింది, అంతే.

మా చెల్లెలు నాకంటే పదేళ్లు చిన్న. ఆదోని నుంచి ఎమ్మిగనూరుకు పోయే దారిలో మా ఊరు. నాన్న పోయాక అమ్మ పత్తి చేలల్లో కూలికి పోయి దాన్ని బీఈడీ దాకా చదివించింది. చదువైతే అయింది గానీ టీచరు పోస్టుల నోటిఫికేషన్ ఈ ఏడాది, వచ్చే ఏడాది అంటూ ఏళ్ల తరబడి జరుగుతూనే ఉంది. పిల్ల దిగులుతో చిక్కిపోతుంటే చూడలేక నేనే, అవును నేనే, ఎమ్మిగనూరులో ఒక కల్యాణమండపంలో ఉచిత క్లాసు పెట్టారంటే చెయ్యి పట్టుకుని తీసుకుపోయాను. నడి ఎండాకాలంలో కోటు వేసుకొచ్చాడు ఆ మహానుభావుడు. "కళ్లు మూసుకోండి. మీరు కోరుకున్నది అయిపోయినట్టు చూడండి. అవుతుంది అనకండి, అయింది అనండి. ఎవరడిగినా అదే చెప్పండి. లేదు, కాదు అనే మాటలు మీ నోట రాకూడదు" అన్నాడు. నేను కళ్లు మూసుకుని హాయిగా ఒక కునుకు తీశాను. లేచి చూస్తే పక్కన చెల్లెలి చెంపల మీద నీళ్లు కారుతున్నాయి. దానికి బడి కనిపించిందంట. నల్లబల్ల కనిపించిందంట. మూడో వరసలో ముక్కు చీదుకుంటున్న పిల్లవాడు కూడా కనిపించాడంట.

అప్పటి నుంచి రోజూ పొద్దున్నే నోటుపుస్తకంలో "నేను టీచరును" అని ఇరవయ్యొక్కసార్లు రాసేది. తరువాత ఇస్త్రీ చీర కట్టి, సంచి తగిలించుకుని, ఎనిమిదిన్నర బస్సెక్కి ఆదోని గ్రంథాలయానికి చదువుకోవడానికి పోయేది. "యాడికి మే?" అని ఎవరన్నా అడిగితే "బడికి" అనేది. ఉద్యోగంలో చేరే రోజుకని ముందుగానే నీలం జాకెట్టు కుట్టించుకుంది. కుట్టిందెవరు? నేనే. "ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం" అని ఎగతాళి చేసినందుకు మా ఆయనతో నేను వారం రోజులు మాట్లాడలేదు.

అమ్మకు మాత్రం ఇది మొదటినుంచీ గిట్టలేదు. మా వైపు పత్తి విరగకాసి చేను తెల్లగా ఉన్నా, పంట ఎట్లుందని అడిగితే "ఏముందిలేప్పా, అంతంత మాత్రమే" అనాలి. ఇంటికి చేరేదాకా బాగుందనకూడదు. "రానిదాన్ని వచ్చిందనగూడదు మే, కన్ను పడతాది" అనేది. చెల్లెలు వినలేదు. "నువ్వు లేదన్నావంటే నాకు రాదమ్మా. నా మీద ఒట్టు, ఎవరడిగినా పంతులమ్మ అనే సెప్పాల" అని అమ్మ చేత ఒట్టు వేయించుకుంది.

అమ్మ ఆ ఒట్టు నిలబెట్టుకుంది. ఇంటింటికీ తిరిగి వివరాలు రాసుకునే అతను వచ్చి "ఇంట్లో ఎవరికన్నా గవర్నమెంటు ఉద్యోగముందా అవ్వా?" అని అడిగితే, కాసేపు నసిగి, "మా సిన్న కూతురు పంతులమ్మ నాయనా" అంది. ఆ మాట అనేటప్పుడు అమ్మ మొహం వెలిగిపోయిందని పక్కింటామె ఇప్పటికీ చెబుతుంది. రెండు నెలలు తిరిగేసరికి అమ్మ పింఛను ఆగిపోయింది, రేషను బియ్యమూ ఆగిపోయాయి. పోయి అడిగితే "గవర్నమెంటు జీతమొచ్చే ఇంటికి యాడిస్తారవ్వా?" అన్నారు. అమ్మకు అప్పటికే మోకాళ్లు పడిపోయి కూలికి పోలేకుండా ఉంది. ఆ పింఛనే ఇంటికి ఆధారం.

ముగ్గురమూ ఆఫీసుకు పోయాం. ఉద్యోగం లేదని నోటితో చెబితే చాలదట. కూతురే రాసి సంతకం పెట్టాలట. గుమాస్తా తెల్లకాగితం ముందుకు తోశాడు. చెల్లెలు పెన్ను మూత తీసింది, మళ్లీ పెట్టింది, మళ్లీ తీసింది. నాకు తిట్టాలనిపించింది. దాన్ని కాదు, క్లాసు చెప్పిన ఆ కోటు మనిషిని. చివరికి వంగి, "నేను టీచరును కాను. నాకు ఏ ఉద్యోగమూ లేదు" అని గుండ్రంగా రాసి సంతకం పెట్టింది. గుమాస్తా కాగితం అందుకుని, "ఏం రాతమ్మా! అచ్చం టీచరమ్మ రాసినట్టే ఉంది" అన్నాడు. ఏమీ తెలియని మనిషి, మెచ్చుకున్నాననే అనుకున్నాడు. అమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది.

పింఛను మళ్లీ వచ్చింది. ఎనిమిదిన్నర బస్సు మాత్రం చెల్లెలు మళ్లీ ఎక్కలేదు. రెండేళ్లకు నోటిఫికేషన్ పడింది. దాని వయసుకు అదే ఆఖరి అవకాశం. పరుగెత్తుకుంటూ పోయి "లే మే, దరఖాస్తు పెడదాం పా" అన్నాను. పత్తి తీసి వచ్చి చేతులకు గీసుకున్న గీతల మీద కొబ్బరినూనె రాసుకుంటోంది. తల కూడా ఎత్తలేదు.

"కానని రాసిచ్చినాను గదక్కా" అంది.

ఎంత బతిమాలినా, ఎంత తిట్టినా అదే మాట. గడువు దాటిపోయింది. నీలం జాకెట్టు నా అంగట్లోనే కొక్కేనికి వేలాడుతోంది. ఎవరికి కుట్టినా లోపల రెండు వేళ్ల గుడ్డ వదిలిపెడతాను, రేపు ఒళ్లు చేస్తే విప్పుకుంటారని. దానికీ వదిలాను. వయసుకు అట్లా వదిలి కుట్టడం ఏ దర్జీకీ చేతకాదు.