ఆర్డిస్ తోలిన ఊరేగింపు

అమెరికా స్వాతంత్ర్య దినమైన జులై నాలుగో తేదీన హావ్లిక్ ఊళ్లో ఊరేగింపుకు ముందు నడిచేది వెర్లిన్ కూబిచెక్ ఎర్ర ట్రాక్టరే. దానికి తగిలించిన తొట్టిబండి మీద పోల్కా నాట్యపాటలు వాయించే బ్యాండు, ఆ వెనక ఫైరింజను, గుర్రాలు, సైకిళ్లకు రంగుకాగితాలు చుట్టుకున్న పిల్లలు. నెబ్రాస్కా మొక్కజొన్నచేల మధ్య అంత చిన్న ఊళ్లో సగం మంది ఊరేగుతుంటే మిగతా సగం చూస్తారు. వెర్లిన్ భార్య ఆర్డిస్ పెళ్లయిన నాటినుంచీ చూసే సగంలోనే ఉంది. దాణా కొట్టు ముందు కూర్చుని, మొగుడు ఎదురుగా రాగానే చప్పట్లు కొట్టడం ఆమె వంతు.

ఆ ఏడు సరిగ్గా పండగ ముందు వెర్లిన్ నిచ్చెన మీంచి జారి కాలు విరగ్గొట్టుకున్నాడు. పరామర్శకు వచ్చిన బ్యాండు పెద్ద ఎమిల్, "ట్రాక్టరు ఇంకెవరికైనా ఇవ్వరాదూ?" అన్నాడు.

"నా బండి మీద ఇంకొకడు చెయ్యేస్తే ఊరుకోను."

"నేను తోలతాలే," అంది ఆర్డిస్, పొయ్యిలోంచి పండ్ల ముద్ద పెట్టిన కోలాచీ రొట్టెలు తీస్తూ.

వెర్లిన్ పకపకా నవ్వాడు. "నువ్వా! కారే వెనక్కి తియ్యలేవు."

"ఊరేగింపు ముందుకే కదయ్యా పోయేది!"

వెర్లిన్ కట్టు కాలు చాపుకుని కూర్చుని అన్నీ నేర్పాడు. బ్రేకులు పట్టవు, ఆపాలంటే క్లచ్ తొక్కితే చాలన్నాడు. ఎండ ముదిరితే ఆ క్లచ్ బిగుసుకుపోతుందన్న సంగతి మాత్రం మర్చిపోయాడు.

పండగనాడు ఆర్డిస్ తలకు చుక్కల రుమాలు కట్టుకుని బండెక్కింది. మనిషి నడిచే వేగంతో ట్రాక్టరు పెద్ద వీధి దాటి చర్చి మైదానం చేరింది. ఆగవలసింది అక్కడే. ఆమె క్లచ్ తొక్కింది. అది బిగుసుకుపోయి కదల్లేదు. రెండు కాళ్లతో తొక్కింది. ఎదురుగా బంగాళాదుంపల సలాడ్ పెట్టిన బల్లలు! ఆమె స్టీరింగు చటుక్కున తిప్పేసింది. బండి పక్క సందులోంచి మళ్లీ పెద్ద వీధిలోకొచ్చింది. వెనక ఫైరింజనూ, గుర్రాలూ, పిల్లలూ ఏమీ అడక్కుండా ఆమె వెంటే తిరిగారు.

కుర్చీలు మడుస్తున్న జనం తెల్లబోయి, మళ్లీ పరిచి కూర్చున్నారు. ఎమిల్‌కు వచ్చిన పోల్కాలన్నీ అయిపోయాయి. చర్చిపాటనే పోల్కా వేగంతో అందుకున్నాడు. ఊరేగేవాళ్ల దగ్గర జనం మీద చల్లే మిఠాయిలు అయిపోతే, చూసేవాళ్లే మొదటి చుట్టులో ఏరుకున్నవి తిరిగి విసిరారు.

ఊరి పోలీసు డ్యూవేన్, ఆర్డిస్ చెల్లెలి కొడుకు, పక్కనే పరుగెత్తుతూ, "ఎక్కడికి పెద్దమ్మా?" అని అరిచాడు.

"నాకేం తెలుసురా, దీన్నడుగు!"

దాణా కొట్టు ముందు వెర్లిన్ ఊతకర్ర ఊపుతూ ఏదో కేకేశాడు. ట్యూబా బూరా మోతలో ఒక్క ముక్కా వినపడలేదు. ఆమె చెయ్యి ఊపింది. జనం గొల్లున అరిచారు. ఆ అరుపుకు ఆమె ఒళ్లంతా గాలిలో తేలినట్టయింది. భయం ఏ మలుపులో జారిపోయిందో ఆమెకే తెలియలేదు.

మూడోసారి వచ్చేసరికి బ్యాండువాళ్లు ఊపిరి పీల్చుకోవడానికి ఆగారు. వెర్లిన్ గొంతు ఖంగున వినిపించింది: "తాళం తిప్పవే! తాళం తిప్పితే ఆగిపోద్ది!"

ఆర్డిస్ ఆయన వైపు చూసి తియ్యగా నవ్వింది. తాళం జోలికి పోలేదు. ఇంకో చుట్టు పూర్తిగా తిరిగి, వచ్చి, సరిగ్గా ఆయన ఎదుట తాళం తిప్పింది.

"ఇందాకటి చుట్టులో వినపళ్లేదా?"

"వినపడిందయ్యా."

వెర్లిన్ ఆపుకోలేక పొట్ట పట్టుకుని నవ్వాడు.

అందరూ మైదానం చేరాక ఆమె బీరు గ్లాసు ఒక్క గుక్కలో ఖాళీ చేసింది. ఎమిల్ దగ్గరికెళ్లి, "ఒక్క పాట వాయించు, చిందెయ్యాలని ఉంది," అంది.

"వాయించి వాయించి నా వేళ్లు పోయాయి తల్లీ!" అన్నాడు ఎమిల్.

"పోతే పోనీ, చప్పట్లు కొట్టు చాలు," అంటూ ఆమె డ్యూవేన్ చెయ్యి పట్టి చిందుకు లాగింది.