మొరప్పూర్‌ దాకా వెళ్లి ఆగిన శ్రీలంక సైకిల్ యాత్ర

శ్రీలంకలో సైకిల్ తొక్కాలన్న ఆలోచన నాది కాదు, మా పెద్దమ్మ కూతురు రాజక్కది. తమిళనాడులోని ధర్మపురిలో మేమిద్దరం ఒకే వీధిలో ఉంటాం. నాకు కోర్టు దగ్గర చిన్న జిరాక్స్ దుకాణం ఉంది, తను ఇంట్లోనే జాకెట్లు కుడుతుంది. బడిలో సర్కారు ఇచ్చిన సైకిళ్లతో మొదలైన మా తొక్కుడు ముప్పై ఎనిమిదేళ్లు వచ్చినా ఆగలేదు. రెండేళ్ల కిందట ఒక ఆదివారం రాజక్క కుట్టుమిషను ముందు నుంచి లేచి, "సముద్రం పక్కనే రోజుల కొద్దీ తొక్కాల పాపా. అది కూడా దేశం దాటి పోయి" అంది. నేను నవ్వాను. తను నవ్వలేదు.

ఇలాంటి ప్రయాణం అనుకుంటున్నవారి కోసం మా పథకం చెబుతాను. బెంగళూరు నుంచి కొలంబోకు విమానం, అక్కడి నుంచి జాఫ్నాకు రైలు. జాఫ్నాలో సైకిలెక్కి తూర్పు తీరం పట్టుకుని ట్రింకోమలీ, బట్టికలోవా మీదుగా దక్షిణాన గాలే దాకా. రోజుకు యాభై కిలోమీటర్లు మించకుండా మూడు వారాలు. అక్కడా బండ్లు మనలాగే ఎడమవైపు నడుస్తాయి. ఉత్తరాన, తూర్పున తమిళం సరిపోతుంది. ఇంట్లో తెలుగు, బయట తమిళం మాట్లాడే మాకు అది పెద్ద ధైర్యం. తూర్పు తీరంలో వానలు తక్కువ కాబట్టి జూన్ అనుకున్నాం. విమానంతో కలిపి మనిషికి డెబ్భై వేలు అవుతుందని తేలింది. నేను వచ్చే ఏడాదికి వాయిదా వేద్దామన్న ప్రతిసారీ రాజక్క ఒప్పుకోలేదు. "ఈ ఏడే పోవాల" అనేది. ఆ తొందర ఎందుకో నేను అడగలేదు.

టికెట్లు కొనేముందు పూర్తి బరువుతో ఒక రోజు తొక్కి చూడాలని అందరూ చెబుతారు. మేమూ ఫిబ్రవరిలో ఒక ఆదివారం ధర్మపురి నుంచి కడత్తూరు, అక్కడి నుంచి మొరప్పూర్, మళ్లీ ఇల్లు అనుకుని బయలుదేరాం. ఒక్కో సైకిల్ వెనక పన్నెండు కిలోల బట్టలు, నీళ్లు, పనిముట్లు. ఉదయం ఆరున్నరకు బస్టాండు దాటాం. మంచు ఇంకా విడవలేదు. ఎప్పటిలాగే నేను ముందు, తను వెనక. తొమ్మిదికి కడత్తూరులో ఇడ్లీలు తిన్నాం, ఇద్దరికీ కలిపి తొంభై రూపాయలు. హోటలాయన మూటలు చూసి ఎక్కడికని అడిగితే రాజక్క గర్వంగా "శ్రీలంకకు" అంది. "ఈ దోవలోనా?" అని ఆయన నవ్వాడు. మేమూ నవ్వాం. ఆ రోజంతటిలో మేం నవ్వింది అక్కడే.

కడత్తూరు దాటాక నా వెనక సంచి పట్టీ వదులైంది. తనను ముందు పొమ్మని, కట్టుకుని బయలుదేరాను. చాలా కాలానికి రాజక్క వెనక నేను తొక్కడం అదే. తల అటూ ఇటూ ఆగకుండా తిప్పుతోంది. పొలాలు చూస్తోందనుకున్నాను. ఎడమవైపు మట్టిదారిలోంచి ఒక మోపెడ్ వచ్చింది. తను నెమ్మదించలేదు. ఆ మనిషే కాళ్లు నేలకు ఆనించి ఆపుకుని, తిట్టి పోయాడు. పరధ్యానం అనుకున్నాను. ఇంకో రెండు కిలోమీటర్లకు రోడ్డు మీద రాగి కంకులు ఆరబోసి, బండ్లు ఎక్కకుండా అంచున తలకాయంత రాళ్లు పెట్టారు. ఎండ బాగా వచ్చేసింది. దూరం నుంచే నాకు కనిపిస్తున్నాయి. రాజక్క బ్రేకు వేయలేదు, పక్కకు తప్పుకోలేదు. ముందు చక్రం మొదటి రాయికే తగిలింది. సైకిల్, మూట, మనిషి అంతా కంకుల మీద పడ్డారు.

కంకులు తిరగేస్తున్న ముసలామె పరుగున వచ్చి లేపింది. "ఇంత రాయి కనపడలేదా తల్లీ?" అని తమిళంలో అడిగింది. రాజక్క బట్టల దుమ్ము దులుపుకుంది. నా వైపు చూడలేదు. కుడి మణికట్టు అప్పుడే వాచింది.

సైకిళ్లు నడిపించుకుంటూ పదకొండున్నరకు మొరప్పూర్ స్టేషన్ ముందున్న టీ కొట్టు చేరాం. టీ చల్లారిపోతున్నా తను ముట్టుకోలేదు. చివరికి నేనే అడిగాను.

"నీకు కండ్లు కనపడ్తాయా లేదా?"

"నేరుగా చూస్తే కనపడ్తాది. పక్కన లేదు. కిందా లేదు. గొట్టంలో చూసినట్ల."

"ఎన్నాళ్ల నుంచి?"

"ఒక సంవత్సరం అయ్యింటాది. సేలంలో డాక్టరుకి చూపిచ్చినాను. ఇంకా చిన్నదవుతాదంట. మందు లేదన్నాడు. సైకిల్ తొక్కద్దన్నాడు."

"నాకెందుకు చెప్పలేదు?"

"చెప్పింటే నువ్వు తీసకపోతావా?"

తీసుకువెళ్లను.  కోపం వచ్చింది. పరాయి దేశంలో లారీ పక్కన ఇదే జరిగి ఉంటే ఏం చేసేదాన్నని అరిచాను. టీ కొట్టువాళ్లు తిరిగి చూశారు. తను తలవంచుకుని, "మూడు వారాలే కదా, ఎట్లో ఒకట్ల పోయి వచ్చేస్తాము అనుకున్నాను" అంది. కాసేపటికి నేనే తగ్గి, ఇద్దరు కలిసి తొక్కే సైకిల్ ఎక్కడైనా దొరుకుతుందేమో చూద్దామన్నాను.

"అందులో హ్యాండిల్ నీ చేతిలో ఉంటాది. నాకద్దు" అంది.

ఇక్కడ కుట్టియానై అని పిలిచే మినీ లారీ ఒకటి ఎనిమిది వందలకు ధర్మపురికి కుదిరింది. డ్రైవరూ ఇంట్లో తెలుగు మాట్లాడేవాడే. సైకిళ్లు పైకెత్తుతూ, "ఏమక్కా, పంచరా?" అన్నాడు. "లేదు, చాలు అనిపిచ్చింది" అంది రాజక్క.  ఎక్స్‌రేలో ఎముక విరగలేదని తేలింది. వారం తర్వాత తన సైకిల్‌ను తనే మా ఇంటికి నడిపించుకొచ్చి, పిట్టగోడకు ఆనించి, "నువ్వు ఒంటిగా అయినా పో" అని వెళ్లిపోయింది.

జూన్ వచ్చి పోయింది. నేను వెళ్లలేదు. ఒక్కదాన్నే ఆ సముద్రం చూసి వచ్చి తనకు ఎలా చెప్పాలో నాకింకా తెలియడం లేదు. ఇప్పుడు సూదిలో దారం ఎక్కించడానికి రాజక్క పక్కింటామెను పిలుస్తోంది. సాయంత్రం కొట్టు మూశాక వెళ్లి కూర్చుంటాను. శ్రీలంక మాట ఇద్దరం ఎత్తం. నన్ను బాధపెట్టేది ఆగిపోయిన యాత్ర కాదు. ఏడాది పాటు తను ఆ భయాన్ని మోస్తూ తొక్కుతుంటే, నేను గేర్లూ టైర్లూ వీసా కాగితాలూ చూసుకుంటూ ఉన్నాను.

తోడుతో దూరం వెళ్లాలనుకునేవారికి ఒక్కటే చెబుతాను. పరీక్షగా తొక్కి చూసే రోజున కనీసం ఒక గంట మీ తోడు వెనక తొక్కండి. ముందున్నంతసేపూ నేను వెనక్కి తిరక్కుండానే "వస్తున్నావా?" అని అరిచేదాన్ని. "వస్తాండా" అనేది తను. నాకు అది చాలేది.