నిమిషమున్నర తర్వాతి చరణం

కెనడాలోని హామిల్టన్‌లో నేను చదువుకోవడానికి దిగిన ఏడాది ఏ బస్సెక్కినా మనవాళ్ళే, ఇసుక వేస్తే రాలనంత మంది స్టూడెంట్లు. ఒక బేస్‌మెంట్‌లో ఆరుగురం సర్దుకున్నాం. ఆ ఇరుకులో నన్ను నిజంగా భరించింది మాత్రం నా రూమ్మేటు, కడప పిల్ల. ఎందుకంటే వంట చేస్తున్నంతసేపూ నేను ఒకే పాట పాడేదాన్ని, అదీ జపనీస్‌లో.

ఆ పాట రాసి పాడినావిడంటే నాకు ఇంటర్ రోజుల నుంచీ పిచ్చి. పదేళ్ళు చిన్న చిన్న హాళ్ళలో ఖాళీ కుర్చీలకు పాడింది. ముప్పై దాటాక ఒక యానిమేకి, అంటే జపాన్ బొమ్మల సీరియల్‌కి, టైటిల్ సాంగ్‌గా ఈ పాట రాస్తే ఎక్కడెక్కడి పిల్లలో పాడుకున్నారు. బొమ్మల పాటలు పాడేదని వెక్కిరించినవాళ్ళకు ఇంకో పది బొమ్మల పాటలతో జవాబిచ్చింది, అదీ లెక్క! తర్వాత గొంతుకు ఆపరేషనైంది, రెండేళ్ళు మూగబోయింది. అలాంటి మనిషి టొరంటోలో కచేరీకి వస్తోందని తెలిసి నేను ఎగిరిన ఎగురుడుకు తల సీలింగ్‌కి కొట్టుకుంది.

నా కోరిక ఒక్కటే. టీవీలో ఆ పాట నిమిషమున్నరే వస్తుంది, మొదటి చరణంతో సరి. ప్రాణమంతా ఉన్నది రెండో చరణంలో. ఆపరేషన్ తర్వాత ఆవిడ దాన్ని స్టేజీ మీద పాడటం లేదంటున్నారు. ఒక్కసారి ఆవిడ నోట వినాలి.

"ఏందే నీ గోల? ఆయమ్మ నీకేమన్నా మేనత్తా?" అంది రూమ్మేటు. "నెల రోజులు నా వంతు వంట కూడా చేస్తానంటే తోడొస్తా."

"చేస్తా తల్లీ, అంట్లు కూడా తోముతా."

శనివారం పార్ట్‌టైమ్ పని షిఫ్ట్ వేరేవాళ్ళతో స్వాప్ చేసుకుని బస్సెక్కాం.

మొదటి చరణం ఆవిడతో పాటు హాలంతా పాడింది. ఆవిడ రెండో చరణం ఎత్తుకుంది. ఎత్తుకుంది! మూడో లైను దగ్గర గొంతు జీరపోయి ఆగింది. నవ్వుతూనే మైకు మావైపు చాచింది. హాలు నిశ్శబ్దమైపోయింది. నిమిషమున్నర దాటితే అక్కడ చాలామందికి రాదు, వచ్చినవాళ్ళకు ధైర్యం లేదు. నాకొచ్చు, కానీ ఏడుపు అడ్డుపడి నోరు పెగల్లేదు.

పక్కనుంచి ఒక గొంతు లేచింది. శ్రుతీ లేదు, లయా లేదు, మాట మాత్రం ఒక్కటీ పోలేదు. నా రూమ్మేటు! ఒక్క ముక్కకూ అర్థం తెలియదు. ఎనిమిది నెలలు నా పాట చెవిన పడీ పడీ దానికి కంఠతా వచ్చేసింది.

"పాడవే, సచ్చినదానా!" అని మధ్యలో నన్ను మోచేత్తో పొడిచింది. అప్పుడు గొంతు కలిపాను. చరణం చివరిదాకా ఇద్దరమే పాడాం. వినాలని వెళ్ళింది నేను, విన్నది ఆవిడ.

పాటయ్యాక ఆవిడ స్టేజీ అంచుదాకా వచ్చి, నడుం వంచి, నా రూమ్మేటుకు నమస్కారం పెట్టింది. ఇన్నేళ్ళ పిచ్చి నాది, దండం దానికి! కుళ్ళుకున్నాను, దాచడమెందుకు? కుళ్ళుకుంటూనే దాన్ని గట్టిగా వాటేసుకుని ఏడ్చాను.