ఇరవై నాలుగు అడుగుల రోడ్డు

ఈరోజు పొద్దున ఆరూ నలభైకి, మేడ్చల్ నుంచి శామీర్‌పేట పోయే దారిలో కిలోమీటరున్నర లోపలికి ఉన్న మా ఊళ్లో, మంచినీళ్ల పైపు వేయడానికి వచ్చిన మున్సిపాలిటీ ఇంజినీరు మా ఇంటి ముందు వీధి వెడల్పు కొలిచి, నమ్మకం కుదరక మళ్లీ కొలిచాడు. అటు పక్క ఇరవై రెండు అడుగులు, ఇటు పక్క ఇరవై రెండు, మా ఇంటి ముందు మాత్రం ఇరవై ఆరు. ఇదేమిటని అతను అడిగితే, ఎదురింటి అరుగు మీద పళ్లు తోముకుంటున్న పెద్దమనిషి నోట్లోంచి వేపపుల్ల తీసి, "గది మా మాజీ సర్పంచమ్మ ఏసిన రోడ్డు సార్. పొడుగు ఇర్వై నాలుగు, ఎడల్పు ఇర్వై ఆరు. గిసొంటి రోడ్డు జిల్లా మొత్తంల ఇంకోటి లేదు" అన్నాడు. పాల ప్యాకెట్టు పట్టుకొని గేటు దగ్గర నిలబడ్డ నేను కూడా నవ్వాను. నవ్వక ఏం చేయను, ఆయన చెప్పిన కొలతలు సరైనవే.

మా ఊరి సర్పంచి పదవి ఆడవాళ్లకు కేటాయించినప్పుడు నన్ను నిలబెట్టారు. పాలిటెక్నిక్‌లో సివిల్ చదివి, పెళ్లికి ముందు రెండేళ్లు ఒక కాంట్రాక్టరు దగ్గర కొలతలు తీసినదాన్ని. సంతకం నాది, పెత్తనం మా ఆయనది అనే ఏర్పాటు మా ఇద్దరికీ నచ్చలేదు. ఆ రోజుల్లో ఊరి పెద్దరికం చేసినవారికి తెలుసు, తెల్లవారకముందే ఎవరో ఒకరు గడప దగ్గర ఉంటారు, నల్లా రాలేదని, వీధిలైటు బుగ్గ వెలగలేదని, పింఛను ఆగిందని, ఆలుమగలు కొట్టుకున్నారని. అన్నం ముద్ద చేతిలో ఉండగానే లేచి పోవడం ఎంతగా అలవాటైందంటే, పదవి పోయిన తరవాత కూడా చాలాకాలం నేను సగం భోజనానికే లేచేదాన్ని. అవన్నీ మరిచిపోయాను. మరవనిది ఈ రోడ్డొక్కటే.

కండ్లకోయలో చదివే మా ఊరి ఆడపిల్లలు పెద్ద రోడ్డు దాకా నడిచి బస్సు పట్టుకునేవారు, చలికాలం సాయంత్రాలు చీకట్లో తిరిగొచ్చేవారు. ఊళ్లోకి బస్సు కావాలని డిపోకు తిరిగితే, వీధి ముప్పై అడుగులుంటేనే బస్సు వస్తుందన్నారు. ఇరవై రెండును ముప్పై చేయాలంటే ఇరువైపుల ఇళ్లూ నాలుగేసి అడుగులు వదులుకోవాలి. నేనే సున్నంతో గీత గీసి, పంచాయతీ దగ్గర అందరినీ కూర్చోబెట్టాను. అప్పుడు లేచింది కూడా ఈ ఎదురింటి పెద్దమనిషే. "ముందుగాల మీ గోడ కూలగొట్టుర్రి సర్పంచమ్మా, గప్పుడు మా గోడ ముచ్చట" అన్నాడు. న్యాయంగానే తోచింది.

కాని మా గోడ అంటే నిజానికి మా బావగారి గోడ. మా ఆయనకు అన్నగారు ఆయన. ఉమ్మడి ఇంటి ముందుగదిలో పిండి గిర్ని నడిపేవారు. జొన్నలు, గోధుమలు, మిరపకాయలు పట్టించుకోవడానికి చుట్టుపక్కల ఊళ్ల నుంచి వచ్చేవారు. ఆ బెల్టు చప్పుడుతోనే మా వీధికి తెల్లవారేది. మా కుటుంబాల్లో తమ్ముడి భార్య బావగారితో ఎదురుపడి మాట్లాడదు, ఆయన కూర్చున్న చోటికి వెళ్లదు. ఆయన కూడా అంతే, నేనున్న వాకిట్లోకి దగ్గి గాని వచ్చేవారు కాదు. ఏ మాటైనా ఆయన భార్య, నేను అక్కా అని పిలిచే మా తోడికోడలి ద్వారానే అటూ ఇటూ నడిచేది. గోడ సంగతి కూడా ఆమెతోనే అడిగించాను. సర్పంచమ్మ ఎంతంటే అంతేనన్నారని వచ్చి చెప్పింది. వారంలో గోడ కూలింది, నాలుగడుగుల లోపల కొత్తది లేచింది.

గోడ ఆరింది గాని గిర్ని మాత్రం మళ్లీ మోగలేదు. నాలుగో రోజో ఐదో రోజో వంటింట్లో అక్కను అడిగితే, ఆమె పొయ్యి వైపే చూస్తూ చెప్పింది.

"గోడ గంత లోపలికొస్తే గిర్ని కూసోదని నీకు జెప్పమన్నడు చెల్లె. నేనే జెప్పలే."

"ఎందుకు జెప్పలే అక్కా?"

"ఊరందరి ముంగట గీత గీస్తివి. ఇంట్ల లొల్లయితే నీ ఇజ్జతేం గావాలె?"

బావగారు లేని వేళ చూసి, టేపు పట్టుకొని, పెళ్లయి వచ్చాక మొదటిసారి ఆ గదిలో అడుగుపెట్టాను. పాత గదికి లోపలి పొడవు పన్నెండున్నర, ఇప్పుడు ఎనిమిదిన్నర. మోటారు, బెల్టు, గిర్ని ఒకే వరసలో కూర్చోవడానికి తొమ్మిది అడుగులు కావాలి. అడ్డం తిప్పడానికి వెడల్పు చాలదు. తక్కువైంది ఆరంగుళాలు. వెనకగోడ ఒక్క అడుగు వంటింట్లోకి జరిపితే సరిపోయేది, రెండు రోజుల పని. వీధంతా అంగుళాలతో కొలిచిన నేను ఆ గది లోపల కొలవకపోవడానికి కారణం, అక్కడ బావగారు కూర్చుంటారు. సాయంత్రం ఆ మాటే మా ఆయనతో చెప్పి పంపాను. అప్పటికే బావగారు మోటారు, గిర్ని అమ్ముతానని మాటిచ్చి బయానా డబ్బులు తీసుకున్నారు. ఇచ్చిన మాట వెనక్కి తీసుకునే మనిషి కాదు.

తన గోడ వంతు వచ్చేసరికి ఎదురింటి పెద్దమనిషి మాత్రం "బిడ్డ లగ్గమైనంక జూద్దం తియ్" అన్నాడు. ఆయన్ని చూసి మిగతా ఇళ్లవాళ్లూ ఆగారు. బిడ్డ లగ్గమైంది, మనుమడు పుట్టాడు. ఈలోగా నా పదవి ముగిసింది, ఊరు మున్సిపాలిటీలో కలిసింది, కొత్త వెంచర్లవాళ్లు ఊరి బయట నుంచే అరవై అడుగుల రోడ్డు తీశారు. ఇప్పుడు కాలేజీ బస్సులు అక్కడే ఆగుతాయి. ఆడపిల్లలకు నడక తగ్గింది, దానికి సంతోషమే. అందులో నా గీత పని మాత్రం ఏమీ లేదు.

బావగారు దూలపల్లిలో ఒక చిన్న కంపెనీకి పోతున్నారు. వ్యాను కోసం రోజూ పొద్దున నిలబడేది, తన గది ముందుభాగం ఒకప్పుడు ఉన్న ఆ నాలుగడుగుల్లోనే. నేను గేటు తీస్తే ఆయన పక్కకు జరుగుతారు, నేను లోపలికి తగ్గుతాను. ఊళ్లో వీధుల పేర్లతో సహా అన్నీ మారాయి గాని, ఇదొక్కటి మారలేదు. ఈరోజు ఇంజినీరు టేపు చుట్టుకుంటున్నప్పుడు కూడా ఆయన అక్కడే ఉన్నారు, ఎదురింటాయన మాట విన్నారు, నవ్వలేదు.

మొత్తం లెక్క ఇంతే. తీసుకున్న స్థలం తొంభై ఆరు చదరపు అడుగులు. ఆ వీధిలోకి వచ్చిన బస్సులు లేవు. పోయినవి ఒక గోడ, ఒక గిర్ని, ఒక మనిషి తన ఇంట్లో కూర్చొని చేసుకునే పని.