రెండో పేజీ ముందు చదివే డాక్టరమ్మగారు

మా వీధి చివరింటి డాక్టరమ్మగారు పోయారు. ఆదివారం పొద్దున్నే కూరగాయలకని వెళ్లిన మా ఆయన ఖాళీ సంచితో తిరిగొచ్చి, గుమ్మంలో నిలబడి చెప్పారు. నిద్రలోనే పోయారట. నాకు ఏడుపు కన్నా ముందు కోపం వచ్చింది. ముందు వెళ్లాల్సినదాన్ని నేను. మంగళవారం నా స్కాను ఉంది. అది చూడకుండా ఆవిడ ఎలా వెళ్లిపోతారు?

ఏలూరులో ఆవిణ్ణి చాలామంది ఎరుగుదురు గానీ, ఆవిడ చేత నాడి పట్టించుకున్నవాళ్లు లేరు. ఆపరేషన్లో తీసిన ముక్కలను పల్చటి పొరలుగా కోయించి, స్లైడులనే గాజుపలకల మీద మైక్రోస్కోపులో చూసి జబ్బేమిటో చెప్పడం ఆవిడ పని. రిటైరయ్యాక కూడా ఆ చూపు మారలేదు. గుత్తివంకాయ కూర చేస్తే ఒక్కో కాయనూ నాలుగుగా చీల్చి, విప్పి, వెలుతుర్లో పెట్టి మరీ చూసేవారు. "మధ్యలో బాగుంటే సరిపోదమ్మా, అంచులు చూడాలి" అనేవారు. ఆవిడ ఒంటిగంటకు భోజనానికి రమ్మంటే మేం ఇంట్లో ఏదో ఒకటి తినే వెళ్లేవాళ్లం.

కొల్లేరులో చేపల చెరువుల గట్లు కొట్టేసిన ఏడాది నాకు కాలేయంలో క్యాన్సరని తేలింది. అప్పటికి పెంటపాడు బళ్లో టీచర్ని. రోజూ తాడేపల్లిగూడెం దాకా పాసింజరు, అక్కణ్ణుంచి ఆటో. హైదరాబాదులో ముందు రక్తనాళం గుండా గడ్డల్లోకి మందు పంపి వాటిని చంపాలని చూశారు. తర్వాత మా తమ్ముడు తన కాలేయంలో సగానికి పైగా నాకిచ్చాడు. నాది మొత్తం తీసేసి, అది పెట్టారు. తీసినదాన్ని కోసి పరీక్ష చేసి రిపోర్టు ఇచ్చారు. మా ఆయన నాకు చూపించిన కాగితంలో గడ్డ పూర్తిగా చచ్చిపోయిందనే ఉంది. నేను కోలుకున్నాక చర్చిలో కృతజ్ఞతా కూడిక పెట్టించారు. క్యాన్సరు సమూలంగా పోయిందని పాస్టరుగారు చెప్తే అందరం ఆమెన్ అన్నాం, బిర్యానీ తిన్నాం.

ఆ సాయంత్రం డాక్టరమ్మగారు వచ్చి రిపోర్టు అడిగారు. చదివి, వెనక్కి తిప్పి చూశారు.

"ఏవండీ, దీని రెండో పేజీ ఏదండీ?"

"అందులో ఏం లేదండీ, ఊరికే సంతకాలండీ," అన్నారు మా ఆయన.

"ఆ సంతకమే చూద్దాం, తెండి."

బైబిలు కవరు జిప్పు తీసి, లోపల్నుంచి మడత పెట్టిన కాగితం తెచ్చారాయన. గడ్డలు రెండట. మొదటిది చచ్చింది. రెండోదాని అంచున బతికున్న కణాలు కొన్ని మిగిలాయట. మా ఆయన మీద విరుచుకుపడ్డాను.

"నీకు తెలిస్తే తిండి మానేస్తావని..." అని ఆయన నీళ్లు నమిలారు.

"ఆయన్ని తర్వాత తిట్టుకుందువుగానిలే అమ్మా. ముందు ఆ స్లైడులు తెప్పించండి," అన్నారావిడ.

మా ఆయన హైదరాబాదు వెళ్లి, స్లైడుల పెట్టెను దారి పొడుగునా ఒళ్లో పెట్టుకుని తెచ్చారు. ఆవిడ కిటికీ దగ్గర పాత మైక్రోస్కోపు ముందు రెండు రోజులు కూర్చున్నారు. రెండో రోజు నన్ను పిలిచి, ఆ రెండో పేజీ వెనకాలే పెన్సిలుతో ఒక గుండ్రం గీశారు. దాని అంచుకు లోపల నాలుగు చుక్కలు పెట్టారు. పక్కన రక్తనాళమని రెండు గీతలు గీసి, వాటి మధ్య ఖాళీగా వదిలేశారు.

"ఈ చుక్కలు బతికున్నవి. కాలేయం తీసేలోపే ఇవి రక్తనాళంలోకి దిగి ఉంటే భయపడాలి, ఒంట్లో ఎక్కడికైనా పోయి ఉండొచ్చు. ప్రతి స్లైడూ చూశాను. దిగినట్టు నాకెక్కడా కనపడలేదు."

"అయితే మళ్ళీ రాదాండీ?"

"రాదని నేను చెప్పనమ్మా. వచ్చే అవకాశం తక్కువని చెప్తాను. మూడు నెలలకోసారి స్కాను, రక్తపరీక్ష మానకు. మిగతా రోజులు నీవి. వెళ్లి పాఠాలు చెప్పుకో."

చర్చిలో అంతమంది ఆమెన్ అన్నా కుదుటపడని మనసు ఆ మాటకు కుదుటపడింది. మిగతా రోజులు నావన్నారు కదా అని బడికి వెళ్లాను.

ఈ మూడేళ్లూ ప్రతి రిపోర్టూ ఆవిడ అరుగు మీదే చదివాం. "రెండో పేజీ ముందు చదువు. తేల్చి చెప్పే ముక్క చివరే ఉంటుంది," అనేవారు. బాగుంటే మెచ్చుకునేవారు కాదు, "కాఫీ తాగుతావా?" అనేవారు. మా ఆయన ఎక్కడ రిపోర్టు తీసుకున్నా రెండు పేజీలూ కలిపి రెండేసి పిన్నులు కొట్టించేవారు.

గురువారం స్కాను రిపోర్టు వచ్చింది. ఇంటికి పోకుండా ఇద్దరం అలవాటుగా ఆవిడ గేటు దాకా వెళ్లాం. తలుపుకు తాళం ఉంది. ఆవిడ కూర్చునే చోటు వదిలేసి అరుగు మీద కూర్చున్నాం. మా ఆయన మొదటి పేజీ వెనక్కి మడిచి, కాగితం నా చేతికిచ్చారు.

"ముందు ఇది," అన్నారు.

కొత్త గడ్డలేవీ లేవని ఉంది. మూసిన తలుపు వైపు తిరిగి, ఆవిడకు వినపడేలా గట్టిగా చదివాను.