ఆసు పడితే నాలుగింతలు

కూసోండ్రి, చాయ్ పోస్త. చాయ్ మల్లేశ్ పెట్టిండు కాబట్టి ధైర్యంగ తాగొచ్చు. పొయ్యి మీదున్న ఆ గిన్నె మాత్రం నాది, దాని మూత తియ్యకుండ్రి. పదిహేను దినాలు నాతోటి ఈ రూముల వంట చేయించే శిక్ష ఎవ్వరూ వెయ్యలే, నేనే తెలివితోటి సంపాయించుకున్న. అదెట్లనో చెప్త.

ఈ అరబ్బు దేశంల, సులై అనే పేటల మా రూముల నలుగురం. నేను ఏసీ మెకానిక్. మల్లేశ్ ప్లంబర్. యాదగిరన్న టైల్స్ మేస్త్రి, మా అందరికన్న పెద్ద. ఖాజా భాయ్ డ్రైవరు, కడప ఆయన, చెయ్యి తిరిగిన వంటగాడు. ఈ రూముకొచ్చిన మొదటి దినమే నాకు వంట రాదని చెప్పిన. ఎవ్వరూ నమ్మలే. "రాదన్నోనికే అన్నీ వస్తయి" అన్నడు యాదగిరన్న. కానీ బలవంతం చెయ్యకుండ మూడు నెలల సంది గిన్నెలు తోముడు నాకు అప్పజెప్పిండ్రు. ఎండల కంప్రెసర్లు మోసి వచ్చి, మళ్ళ నలుగురి గిన్నెలు. ఎట్లైనా తప్పించుకోవాలనిపించేది.

అప్పుడే ఫోన్ల ఒక ఆట దొరికింది. కాసినోలల్ల ఆడే పోకర్, ఉత్తుత్తి బిళ్ళలతోటి. మనకు రెండు ముక్కలు, ఎదురుంగ కూసొని పంచే డీలర్‌కు రెండు, నడుమ ఇద్దరికీ కలిపి ఐదు. ఎవరికి పెద్ద జతలు పడితే వాళ్ళు గెలిచినట్టు. కిటుకు ఎక్కడున్నదంటే, నడుమ ముక్కలు తెరవకముందే పెంచితే పందెం మీద ఇంకో నాలుగింతలు కలపొచ్చు. అన్నీ చూసినంక పెంచుతా అంటే ఒక్కింతే. మామూలు మనిషి చూసి పెంచుతడు. లెక్క తెలిసినోడు మాత్రం చేతిల ఆసు ఉంటే చాలు, పక్కన రెండున్నా మూడున్నా, కండ్లు మూసుకొని ముందే నాలుగింతలు పెంచుతడు. నెల దినాలు ఆడి ఈ సూత్రం బట్టీ పట్టిన.

పోయిన శుక్రారం అన్నం తిన్నంక రూముల పెట్టిన ఈ ముచ్చట. పైసలు లేవు, ఈ దేశంల పైసలతోటి ఆడితే ఏమైతదో అందరికీ ఎరుకే. నేను గెలిస్తే గిన్నెలు వాళ్ళు తోమాలె, ఓడితే వంట నేను చెయ్యాలె. ఒక్క పందెం ఒక్క దినం.

డీలర్‌గ ఎవరుండాలె అని వచ్చింది. యాదగిరన్న పెండ్లైన కొత్తల పేక ఆడనని భార్యకు ఒట్టేసిండట. "ఆడనని ఒట్టేసిన, పంచనని కాదు గదా" అని చాప మీద కూసున్నడు. నాకు లోపల సంబురమైంది. ఇన్నేండ్లకు ఆయనకు రాజుకూ జాకీకి తేడా కూడ యాదిల లేదు.

మొదటి చెయ్యి, నాకు ఆసూ ఏడూ. "నాలుగింతలు" అన్న. ముక్కలు తెరిచిండ్రు. నాకేం కలవలే. యాదగిరన్న రెండు మూళ్ళు పక్కపక్కన పెట్టి, "ఇవి ఒక్కతీరుగున్నయి, మంచిదేనా?" అని అడిగిండు.

"జత. నువ్వు గెలిసినావు" అన్నడు ఖాజా భాయ్.

పందెం ఒకటి, పెంచింది నాలుగు. ఐదు దినాలు పోయినయి.

రెండో చెయ్యి, మళ్ళ ఆసు. సూత్రం సూత్రమే. మళ్ళ నాలుగింతలు, మళ్ళ ఓడిన. మూడోసారి రెండు రాజులు పడ్డయి. ఇది చిన్న పోరడైనా పెంచే చెయ్యి. పెంచిన. యాదగిరన్న ముక్కలన్నీ చూసి, "నాకు జత లేదు, నువ్వే గెలిచినవ్ తమ్మీ" అని పడేస్తుంటే మల్లేశ్ చెయ్యి పట్టుకున్నడు. ఐదు కళావర్లు. ఐదూ ఒక్క గుర్తువైతే దానిముందు రాజుల జత పనికిరాదు.

పదిహేను దినాలు. ఆట బంద్ పెట్టిన.

శనివారం సాయంత్రం పప్పు వండిన. పప్పు ఒక దిక్కు, నీళ్ళు ఒక దిక్కు. ఆదివారం గుడ్ల కూరకు ఉప్పెంతో అడుగుదామని ఊర్ల ఉన్న నా భార్య లతకు వీడియో కాల్ చేసిన.

"నువ్వెందుకు వండుతున్నవ్?" అన్నది.

"ఊకెనే, నేర్చుకుంటున్న."

వెనుకకెళ్ళి మల్లేశ్ అందుకున్నడు. "పేకల ఓడిండు వదినా. పదిహేను దినాలు."

లత తిడతదనుకున్న. ఆమె మాత్రం, "అయ్యో, పాపం మీరేం తప్పు చేసిండ్రన్నా?" అన్నది వాళ్ళతోటి.

ఐదో దినం ముగ్గురూ నా కూర పక్కకు జరిపి ఖుబూజ్ రొట్టెలు పెరుగుల ముంచుకొని తిన్నరు. ఖాజా భాయ్ నా ముందుకొచ్చి కూసున్నడు.

"అప్పా, వంట రాదని ముందే సెప్పుంటే బాగుండేది గదా."

"చెప్పిన గదా భాయ్."

"నమ్మేట్టు సెప్పాల."

మాఫ్ చెయ్యుమంటే యాదగిరన్న ఒప్పుకోలే. "మాట మాటే. కావాలంటే మళ్ళ ఆడి గెలువు" అన్నడు. మిగిలినవి పది దినాలు. పందెం రెండు దినాలు పెట్టి ముందే నాలుగింతలు పెంచి గెలిస్తే సరిగ్గ పది, మొత్తం సాఫ్. ముగ్గురూ నేను గెలువాలనే కోరుకుంటున్నరు. ముక్కలు పంచేటప్పుడు యాదగిరన్న పెదవులు కదులుతున్నయి, తను ఓడిపోవాలని దేవునికి మొక్కుతున్నట్టున్నది.

నా ముక్కలు ఎత్తిన. ఆసూ నాలుగూ.

సూత్రం ప్రకారం ఆలోచించేదేం లేదు. కానీ పోయిన శుక్రారం కండ్లముందు తిరిగింది. ఓడితే ఇరవై దినాలు. వీళ్ళు బతుకుతరా?

"పెంచుతవా?" అన్నడు మల్లేశ్.

"చూసి పెంచుత" అన్న. జీవితంల మొదటిసారి బుద్ధిమంతుని లెక్క అనిపించింది.

నడుమ ముక్కలు తెరిచిండ్రు. మూడోది ఆసు. నాకు ఆసుల జత. ఇప్పుడు పెంచిన, కానీ ఒక్కింతే. యాదగిరన్న చేతిల ఏమీ లేదు. ఓడిపోయినందుకు లేచి నన్ను కావలించుకున్నడు. ఖాజా భాయ్ అల్‌హమ్దులిల్లా అని గుండె మీద చెయ్యేసుకున్నడు.

తర్వాత మల్లేశ్ లెక్క తీసిండు. పందెం రెండు, పెంచింది రెండు. నాలుగే. ఇంకా ఆరు దినాలున్నయి.

యాదగిరన్న నా ముక్కలు ఎత్తి చూసిండు. "ఈ ఆసు ముందునుంచే నీ చేతిల ఉన్నదా?"

"ఉండె."

"ఆసుంటే కండ్లు మూసుకొని పెంచాలని మాకు చెప్పింది నువ్వే గదా?"

లతకు ఫోన్ చేసి చెప్పిన. "ఓడేటప్పుడేమో ధైర్యం వచ్చింది, గెలిచేటప్పుడేమో బుద్ధి వచ్చింది" అని పెట్టేసింది.

అదీ సంగతి. ఆ గిన్నెల ఉన్నది సొరకాయ కూర. యాదగిరన్న కడుపుల బాగలేదని పండుకున్నడు. మల్లేశ్ ఖుబూజ్ కొనుక్కరావడానికి పోయిండు. ఖాజా భాయ్ ఈ వారమంతా రోజా ఉంటున్నా అంటున్నడు. రంజాన్‌కేమో ఇంకా నాలుగు నెలలున్నయి.