స్లాబు మీది సిమెంటు పడవ

నిన్న పొద్దున స్లాబు కారకుండా మందు పూస్తామని ఇద్దరు మనుషులు వచ్చారు. నాచు గీకారు, పెచ్చులు ఊడ్చారు, మూలకు వచ్చేసరికి చేతులాగిపోయినట్టున్నాయి, పైనుంచి కేకేశారు. మోకాళ్లు తిట్టుకుంటూ మెట్లెక్కి వెళ్లాను. "గిదేంది మేడమ్, పడవా?" అన్నాడు ఇద్దరిలో పెద్దవాడు. పడవే. మూరెడు పొడవు, జానెడు వెడల్పు, ముందువైపు కాస్త పైకి లేచిన ముక్కు, అంతా సిమెంటే. లోపల మొన్నటి వాననీళ్లూ, రెండు వేపాకులూ ఉన్నాయి. "పావుగంటల కొట్టి తీసేస్తం. లేకుంటే దాని కింద మందు పట్టది" అన్నాడు. కొట్టొద్దు, చుట్టూ పూసుకోండి అన్నాను. అక్కడి నుంచే కారుతుంది మళ్లీ అన్నాడు. కారనీ అన్నాను. అతను నన్ను చూసిన చూపుకు అర్థం నాకు తెలుసు. ఈ వయసులో అలాంటి చూపులకు అలవాటు పడ్డాను.

ఆ పడవను కట్టింది మా చిన్నాయిన, అంటే మా నాయిన తమ్ముడు. పుట్టింది శామీర్‌పేట చెరువు పక్కన, చేపలు పట్టే ఇంట్లో. చెరువు అడుగు కనిపించే కరువు ఏళ్లు వరసగా వచ్చినప్పుడు వల చూరులో దోపి తాపీ పట్టుకున్నాడు, ఇక వదల్లేదు. కొంపల్లిలో ఇప్పుడు గేటు దగ్గర పేరు రాస్తే గానీ లోపలికి రానివ్వని విల్లాల గోడలు చాలావరకు ఆయన లేపినవే. బస్సులో పోతుంటే "అగో, గా గోడ" అని వేలు చూపించేవాడు. ఏ గోడో నేను పోల్చుకునేలోపు బస్సు దాటిపోయేది. గుండ్లపోచంపల్లిలో మా ఇల్లు కట్టింది కూడా ఆయనే. నాది చిన్న ప్లాటు. మెట్లకు జాగా ఎందుకు తగలెయ్యాలని, ఇంటి పక్కగోడకు ఆనించి, బయటి నుంచి, నిచ్చెన మాదిరిగా నిటారుగా లేపాడు. ఒక మనిషి భుజాలు పట్టేంత వెడల్పు. మధ్యలో ఆగడానికి చోటు లేదు, పట్టుకోవడానికి కమ్మీ లేదు. ఇదేం మెట్లు చిన్నాయినా అని అడిగితే, "మెట్లు ఎక్కనీకి బిడ్డా, కూసోనీకి కాదు" అన్నాడు. పైన ఒక్క గది కట్టి, చిన్నమ్మ పోయాక తనే అందులో ఉండేవాడు. కింద ఒక భాగం నాది, ఇంకో భాగంలో ట్రాలీ ఆటో నడుపుకునే భాయ్ కుటుంబం అద్దెకుండేది.

ఎన్ని అంతస్తుల ఎత్తున కర్రల మీద నిలబడి గోడలు పూసిన మనిషో, చివరికి బాత్‌రూంలో సబ్బు మీద కాలేసి పడ్డాడు. తుంటి విరిగింది. లోపల రాడ్డు వేసి, ఇంటికి తీసుకుపొమ్మన్నారు. నా ముందుగదిలో మంచం వేస్తానంటే వినలేదు. కింద గాలాడదట, పైగా తన గది తనకుండగా ఆడబిడ్డ ఇంట్లో పడి ఉండడమేమిటట. సరే అని కుర్చీలో కూర్చోబెట్టి నలుగురు మోశారు. ఆ ఇరుకు మెట్లలో వాళ్ల మోచేతులు గోడకు గీసుకుని నెత్తురొచ్చింది. పైకి చేర్చాక గానీ ఎవరికీ తట్టలేదు, ఎక్కించిన మనిషిని దించడమెట్లా అని. ఇంకోసారి మోయడానికి ఆ నలుగురూ దొరకలేదు. కాలు మడత పడడం లేదు, ఒంటికాలి మీద ఆ మెట్లు దిగితే ఇంకో తుంటి కూడా పోతుందన్నాడు డాక్టరు. తన మెట్లే ఆయన్ని పైన పెట్టి తాళం వేసుకున్నాయి.

తాళం నాకూ పడింది. అప్పట్లో నేను తుర్కపల్లిలో ఒక మందుల కంపెనీ స్టోర్స్‌లో పనిచేసేదాన్ని. పొద్దున్నే వీధి చివర కంపెనీ క్యాబ్ ఆగేది. ముందు సెలవు పెట్టాను, తర్వాత జీతం లేని సెలవు, తర్వాత రానక్కరలేదన్నారు. పొద్దున చాయ్, బకెట్‌తో వేణ్నీళ్లు, అన్నం, మందులు, మళ్లీ చాయ్. పక్కవీధి పెళ్లికి పోయినా అక్షింతలు వేసి పరుగెత్తుకు రావాల్సిందే. పైన ఆయన పిట్టగోడ పట్టుకుని హైవే మీద లారీలు చూస్తూ నిలబడేవాడు, కింద నేను వంటింటి కిటికీలోంచి అవే లారీలు చూసేదాన్ని. మేడ్చల్ వైపు పోయే ప్రతి లారీ డ్రైవరూ నాకంటే అదృష్టవంతుడని అనిపించేది. విసుగొచ్చేది. ఆయన మీద కాదని చెప్పను, ఆయన మీదే. పైనుంచి చేతికర్రతో నేల మీద టకటకమని కొట్టి పిలిచేవాడు. ఆ చప్పుడు వింటే పళ్లు కొరుక్కుంటూ లేచేదాన్ని.

అలాంటి రోజుల్లో ఒక మధ్యాహ్నం తెప్ప మాట ఎత్తాడు. మా ఇళ్లల్లో ఒక ఆచారం ఉంది. వానలకు చెరువు నిండాక గంగమ్మకు తెప్ప వదులుతారు. జొన్న దంట్లతో చిన్న తెప్ప కట్టి, పసుపు కుంకుమ పెట్టి, దీపం వెలిగించి నీళ్ల మీద విడిచిపెట్టడం. ఆస్పత్రిలో ఉన్నప్పుడు మొక్కుకున్నాడట, తన కాళ్ల మీద తను చెరువు దాకా వచ్చి తెప్ప విడుస్తానని. గుండ్లపోచంపల్లిలో జొన్న దంట్లు ఎక్కడివి, ఎటు చూసినా గోదాములే కదా అన్నాను. "దంట్లు లేకుంటే ఏంది, సిమెంటున్నది గదా. నా చేతికొచ్చింది గదే" అన్నాడు. సిమెంటు మునుగుతుంది చిన్నాయినా అన్నాను. నా వంటింటి ప్లాస్టిక్ గిన్నె తెప్పించుకుని, లోపల పలుచగా సిమెంటు పూసి ఆరబెట్టాడు. తర్వాత తలకిందులు చేసి ఒక్కటి తట్టాడు, సిమెంటు గిన్నె ఊడి చేతిలో పడింది. దాన్ని బకెట్ నీళ్లలో పెడితే బుద్ధిగా తేలింది. "ఏమంటవ్ ఇగ" అన్నాడు. ఎంతకాలం తర్వాతో ఆయన ముఖంలో పాత మేస్త్రి కనిపించాడు, అది చాలు నాకు. ఆ రోజే మాట ఇచ్చాడు, పడవ పూర్తయి చెరువు నిండిననాడు మెట్లు దిగుతానని. అప్పటి నుంచి నా ప్రాణమంతా ఆ పడవ మీదే పెట్టుకున్నాను. అది ఆయనకు మొక్కు, నాకు విడుదల.

గది ముందు స్లాబు మూలలో స్టూలు వేసుకుని పని మొదలుపెట్టాడు. మా ఇల్లు కట్టగా మిగిలిన సిమెంటులో గిన్నెకు పోగా మిగతాది గడ్డకట్టిందని భాయ్‌తో కొత్తది తెప్పించాడు. కోళ్లగూటికి కట్టే జాలీ, కాస్త కట్టుతీగ తెప్పించాడు. ఇసుక జల్లించడానికి నా పిండిజల్లెడ పోయింది. ముందుగా చేతి అలవాటు చొప్పున పడవ కూర్చునే చోట నేలను చిన్న సుత్తితో గాట్లు పెట్టి, కడిగి, తడిపి, నీళ్లలో పలుచగా కలిపిన సిమెంటు పాలు పోశాడు. ఆ పాల మీద అడుగు పరిచాడు. అడుగు చదునుగా ఉంటే నీళ్ల మీద ఒరగదట. దాని మీద జాలీ వంచి పక్కలు లేపాడు, లోపలా బయటా వేళ్లతో పూశాడు. ముక్కు కుదరలేదని రెండుసార్లు కొట్టేసి మళ్లీ పూశాడు. నేను పక్కన కూర్చుని చిక్కుడుకాయలు ఒలుస్తూ చూశాను. ఆ పూట కర్ర చప్పుడు లేదు, నా విసుగూ లేదు.

ఆ తర్వాత నీళ్లు కొట్టడం నా వంతు. తడి గోనెసంచి కప్పి, పొద్దునా సాయంత్రం చెంబుతో నీళ్లు పోయాలి. "ఎంత నీళ్లు తాగితే అంత గట్టిపడతది" అనేవాడు. నేను మామూలుకంటే ఎక్కువే పోశాను, అది జల్దీ గట్టిపడితే నేను జల్దీ బయటపడతానని. ఆయన మెట్ల దగ్గర సాధన మొదలుపెట్టాడు. గోడ పట్టుకుని ఒక మెట్టు దిగి, చెమటలు కక్కుతూ మళ్లీ ఎక్కేవాడు. కూర్చుని దిగరాదా చిన్నాయినా, చిన్నపిల్లల్లా ఒక్కో మెట్టూ జారుకుంటూ రావచ్చు కదా అన్నానొకసారి. కోపమొచ్చింది. "నేను కట్టిన మెట్లు నేను కూసోని దిగుతనా? వాడకట్టంత నవ్వదా?" అన్నాడు. ఆ రోజు అన్నం కూడా సరిగా తినలేదు.

ఆ ఏడు వానలు బాగా పడ్డాయి. శామీర్‌పేట చెరువు నిండి మత్తడి దుంకుతోందని భాయ్ చెప్పగానే ప్రయాణం ఖాయమైంది. ఆయన తెల్ల ధోతి కట్టాడు, నేను దీపం, పసుపు, కుంకుమ సర్దాను. భాయ్ ఆటో గేటు ముందు పెట్టి, పడవను దించడానికి పైకొచ్చాడు. రెండు చేతులా పట్టుకుని లేపాడు. రాలేదు. బరువేమో అనుకుని కాళ్లు ఎడంగా పెట్టి మళ్లీ లేపాడు. నేనొక పక్క పట్టాను. అటు ఊపాం, ఇటు ఊపాం. "చాచా, గిది స్లాబును పట్టుకున్నది" అన్నాడు భాయ్. చిన్నాయిన వంగి, పడవ అంచు నేలను కలిసే చోట వేలితో గీశాడు. అక్కడ సందనేదే లేదు.

"పాలు పోసిన గదా బిడ్డా" అన్నాడు. "ఇన్నేండ్లు ఊడొద్దు, ఊడొద్దు అనుకుంటనే చేసిన. ఊడాల్సింది ఎన్నడు కట్టిన?"

భాయ్ కిందకు పోయి సుత్తీ శానమూ తెస్తానన్నాడు. వద్దన్నాడాయన, కొడితే పడవా పోతుంది, నా బిడ్డ ఇంటి స్లాబూ పోతుంది అన్నాడు. నాకు ఏడుపొచ్చింది. పడవ కోసం కాదు. ఇక ఈయన దిగడు, నేనూ ఈ ఇంటి గడప దాటను అనిపించి, పిట్టగోడ మీద తల పెట్టి నిజంగానే ఏడ్చాను. అప్పుడు వెనక నుంచి నవ్వు వినిపించింది. ముందు చిన్నగా, తర్వాత కడుపు పట్టుకుని. మేస్త్రి అయి ఉండి పడవను స్లాబుకు అతికించాను, ఇంతకంటే నవ్వులపాలు ఇంకేముంది అన్నాడు. "ఇగ సిగ్గేంది" అంటూ కర్ర భాయ్ చేతికిచ్చి, మెట్ల మొదట్లోకి వెళ్లి, ధోతి ఎగగట్టి కూర్చున్నాడు.

కూసోనీకి కాదన్న మెట్ల మీద ఒక్కొక్కటే కూర్చుంటూ, బాగలేని కాలు ముందుకు చాపుకుంటూ కిందకు జారాడు. భాయ్ ముందు వెనక్కి వెనక్కి దిగుతూ కాచుకున్నాడు, నేను వెనకాల దిగాను. వీధిలో వాళ్లు చూశారు, ఒకరిద్దరు నవ్వారు కూడా. ఆయన వాళ్లతో కలిసి నవ్వాడు. శామీర్‌పేట చెరువులో మోకాలి లోతు నీళ్లలో భాయ్ భుజం పట్టుకుని నిలబడి, విస్తరాకు మీద దీపం పెట్టి వదిలాడు. అది కాస్త దూరం పోయి ఆరిపోయింది. ఆయన మాత్రం నీళ్లలోంచి రానంటే రానన్నాడు.

ఇంటికొచ్చాక మెట్లెక్కడం ఆయన వల్ల కాలేదు, ఎక్కించడం మా వల్ల కాలేదు. నా ముందుగదిలోనే మంచం వేశాం, గాలాడదని ఆయన ఒక్కమాట అనలేదు. కింద ఉన్నాడు కాబట్టి భాయ్ భార్య వచ్చి చూసుకునేది. వేరే కంపెనీలో పని దొరికి నేను మళ్లీ క్యాబ్ ఎక్కాను. పడవను మాత్రం ఆయన మళ్లీ చూడలేదు. వాన పడినప్పుడల్లా "పడవ నిండిందా, చూసి రాపో బిడ్డా" అనేవాడు. నేను పైకెళ్లి చూసొచ్చి నిండిందనేదాన్ని. "కారుతలేదు గదా?" లేదనేదాన్ని. "మంచిగున్నది" అని అటు తిరిగి పడుకునేవాడు. పోయేముందటి వాన దాకా అడిగాడు.

నిన్న వచ్చిన మనుషులు పడవ చుట్టూ మందు పూసి వెళ్లిపోయారు. పావుగంటలో ఊడుతుందన్నాడు పెద్దవాడు, ఊడుతుందేమో. అంత గట్టిగా పట్టి ఉంచడం చేతికి రావడానికి మా చిన్నాయినకు మాత్రం ఒక బతుకంతా పట్టింది.